కొత్తగా తత్వశాస్త్రం చదివేవారికి మొదటి పుస్తకం ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఆదివారాలు కూర్చుని చదువుకునే మా చిన్న బృందానికి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలివి. డిగ్రీలో ఫిలాసఫీ తీసుకున్న పిల్లలు, దూరవిద్యలో పీజీ కట్టిన ఉద్యోగులు, సివిల్స్‌కి తయారవుతున్నవాళ్ళు, రిటైరయ్యాక తీరిక చిక్కిన పెద్దవాళ్ళు ఉన్నారు ఇందులో. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి నుంచి ఫోన్లో అడిగేవాళ్ళకి ప్రతిసారీ మొదట్నించీ చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. జవాబులు నావి. బృందంలో అందరూ ఒప్పుకుంటారని చెప్పలేను.

మాస్టారూ, చర్చ వద్దు. ఒక్క పుస్తకం పేరు చెప్పండి చాలు.

గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'అపాలజీ'. ఇక్కడ ఆ మాటకి క్షమాపణ అని కాదు, తనని తాను సమర్థించుకోవడం అని అర్థం. ముప్పై నలభై పేజీలకు మించదు. క్రీ.పూ. 399లో ఏథెన్స్ కోర్టులో సోక్రటీస్ తన తరఫున తానే మాట్లాడిన మాటలుగా ప్లేటో రాశాడు. పరిభాష లేదు. ముందుగా ఏదో చదివి ఉండాల్సిన పనీ లేదు. ఒక ముసలాయన మీద కేసు పెట్టారు. కుర్రాళ్ళను చెడగొడుతున్నాడట, ఊరి దేవుళ్ళను నమ్మడట. ఆయన ఏం చెప్పుకున్నాడో చూడటమే మన పని.

అందులో మెలెటస్ అనే ఫిర్యాదీని సోక్రటీస్ నిలదీసే భాగం ఉంది. అది మా దగ్గర ఎప్పుడూ గట్టిగా చదివిస్తాం. కుర్రాళ్ళను బాగుచేసేది ఎవరయ్యా అని అడుగుతాడు. చట్టాలు అంటాడు మెలెటస్. చట్టాలు సరే, మనుషుల్లో ఎవరు? ఈ న్యాయనిర్ణేతలు. అందరూనా? అందరూ. వినడానికి వచ్చినవాళ్ళో? వాళ్ళూ. సభల్లో కూర్చునేవాళ్ళో? వాళ్ళూనూ. అంటే ఏథెన్స్ మొత్తం బాగుచేస్తుంటే నేనొక్కణ్ణే చెడగొడుతున్నానన్నమాట. మరి గుర్రాల సంగతి ఏమిటి? అక్కడా ఊరందరూ బాగుచేసేవాళ్ళు, పాడుచేసేది ఒక్కడేనా, లేక తర్ఫీదు తెలిసిన ఒకరిద్దరు తప్ప తక్కినవాళ్ళంతా పాడుచేసేవాళ్ళేనా?

ఇక్కడ పుస్తకం మూసి మేము ఒకటి అడుగుతాం: ఈ వాదనలో సోక్రటీస్ నెగ్గాడా? మొదటిసారి అందరూ నెగ్గాడనే అంటారు. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, "గుర్రాలకి వర్తించింది పిల్లలకి ఎందుకు వర్తించాలండీ? పిల్లల్ని ఊరంతా కలిసి పెంచుతుంది కదా?" అంటారు. ఆ ప్రశ్న అడిగారంటే వాళ్ళు తత్వశాస్త్రం చదవడం మొదలుపెట్టినట్టే. సిలబస్ సంగతి తర్వాత.

మొదటి పుస్తకం ఎంచుకోవడానికి మీ కొలత ఏమిటి?

మీరు "కాదు" అనగలిగే పుస్తకం కావాలి. అందుకు అది చిన్నదిగా ఉండాలి, పెద్దదైతే ఎక్కడ కాదనాలో తెలియదు. అందులో వాదన ఉండాలి, అభిప్రాయాల జాబితా చాలదు. ఎదుటి పక్షం కూడా అదే పుస్తకంలో నోరు విప్పితే మరీ మంచిది. రచయిత గొప్పవాడా, కాడా అన్నది ఆఖర్న చూసుకోవచ్చు.

ఈ కొలత పెట్టుకుంటే జనం మామూలుగా సిఫారసు చేసే పుస్తకాల్లో సగం పక్కకు పోతాయి. పోనివ్వండి.

ముందు తత్వశాస్త్ర చరిత్ర చదివి పునాది వేసుకోవద్దా?

వద్దు. అందరికంటే ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇంగ్లండు తత్వవేత్త రస్సెల్ 1945లో తెచ్చిన పాశ్చాత్య తత్వశాస్త్ర చరిత్ర తమాషాగా ఉంటుంది, వాక్యం కత్తిలా నడుస్తుంది. కానీ అందులో ప్రతి తత్వవేత్తకూ రస్సెల్ తీర్పు ముందే తయారుగా ఉంటుంది. జర్మన్ తత్వవేత్త నీషేని అసలు చదవకుండానే నీషే మీద మీకొక అభిప్రాయం వచ్చేస్తుంది. విల్ డ్యూరాంట్ 1926 నాటి 'స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ' మనుషుల కథలు బాగా చెబుతుంది. రాత్రి పడుకునే ముందు చదువుకోండి, హాయిగా ఉంటుంది. మూల గ్రంథం చదివిన లెక్కలో మాత్రం వేసుకోకండి.

నవలగా కావాలంటే నార్వే రచయిత యోస్టైన్ గార్డర్ 1991లో రాసిన 'సోఫీస్ వరల్డ్' ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇవ్వండి. పెద్దవాళ్ళకు మధ్యలో కాస్త విసుగొస్తుంది.

చరిత్ర పుస్తకాలకూ వేళ ఉంది. రెండు మూడు మూల గ్రంథాలు చేతిలో పడ్డాక, వాటి మధ్య సంబంధం ఏమిటని మీకే అనుమానం వస్తుంది. అప్పుడు తెరవండి.

మాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. తెలుగులో ఏం చదవమంటారు?

అంబేడ్కర్ 'కుల నిర్మూలన'. తెలుగులో దొరుకుతుంది. దీన్ని రాజకీయ పుస్తకంగా పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట వినకండి. వాదన ఎలా కట్టాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పుస్తకం నాకు కనబడలేదు.

లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ అనే కులవ్యతిరేక సంఘం వాళ్ళు 1936లో జరపాల్సిన తమ సభలో అధ్యక్షోపన్యాసానికి ఆయన్ని పిలిచారు. రాసి పంపిన ప్రసంగం చూసి బెదిరి కొంత మార్చమన్నారు. కామా కూడా మార్చనన్నారాయన. సభ జరగలేదు. ఆయన ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. గాంధీ 'హరిజన్' పత్రికలో విమర్శించారు. ఆ విమర్శనూ, దానికి తన జవాబునూ అంబేడ్కర్ తర్వాతి కూర్పులో చేర్చారు. అంటే ఒకే అట్టల మధ్య వాదం, ప్రతివాదం, దానికి సమాధానం.

చదివేటప్పుడు ఒకటి రెండు చోట్ల ఆగండి. కులం శ్రమ విభజన మాత్రమే అనేవాళ్ళకు అంబేడ్కర్ జవాబు: అది శ్రామికుల విభజన కూడా, అదీ ఒకరి పైన ఒకరిగా మెట్లు కట్టిన విభజన. ఇది నిలబడాలంటే ఏ ఏ విషయాలు నిజమై ఉండాలో కాగితం మీద రాయండి. తర్వాత గాంధీ అభ్యంతరానికి రండి. ఒక మతాన్ని దాని చెడ్డ నమూనాలతో కొలవకూడదు, అది ఇచ్చిన మంచి నమూనాలతో కొలవాలి అంటారాయన. మతం అనే కాదు, బడిని, పార్టీని, కుటుంబాన్ని దేన్నయినా వేటితో కొలవాలి? ఈ ఒక్క ప్రశ్న మీద మా బృందంలో మధ్యాహ్నం భోజనాలు ఆలస్యమయ్యాయి.

పాఠ్యపుస్తకం కావాలంటే తెలుగు అకాడమి ప్రచురణలు చూడండి. పరీక్షకు పనికొస్తాయి. భాష మాత్రం కొయ్యబారి ఉంటుంది. వాడుక భాష కోసం జీవితాలు ధారపోసిన గిడుగు, గురజాడ ఇద్దరూ మన మహారాజా కళాశాల నీడన కలిసి చదువుకున్నవాళ్ళే. గురజాడ బీఏలో ముఖ్య విషయం ఫిలాసఫీ కూడాను. అయినా తెలుగులో తత్వం రాయబోతే ఇప్పటికీ చాలామంది కలం గ్రాంథికం వైపే జారుతుంది.

భారతీయ దర్శనాలకు ఏ పుస్తకం? రాధాకృష్ణన్‌తో మొదలెట్టమన్నారు మా లెక్చరర్ గారు.

మీ లెక్చరర్ గారి మాట కాదనలేను, వరస మాత్రం మార్చమంటాను. రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్. అందువల్ల ఇటు ఉత్తరాంధ్రలో ఆయన పుస్తకాల మీద ప్రత్యేకమైన అభిమానం. ఆయన 'ఇండియన్ ఫిలాసఫీ' మొదటి సంపుటం 1923లో, రెండోది 1927లో వచ్చాయి. ఇంగ్లీషు ప్రవాహంలా ఉంటుంది. ఆ ప్రవాహంలో వాదన ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కొత్తవాళ్ళకు అందదు. పైగా దారులన్నీ అద్వైతం వైపే వంగుతున్నట్టు అనిపిస్తుంది.

ముందు ఛటర్జీ, దత్త కలిసి రాసిన 1939 నాటి పరిచయ గ్రంథం 'యాన్ ఇంట్రడక్షన్ టు ఇండియన్ ఫిలాసఫీ' పట్టుకోండి. చార్వాకం, జైనం, బౌద్ధం మొదలుకొని వేదాంతం దాకా దర్శనానికొక అధ్యాయం. మొత్తం చదవక్కర్లేదు. చార్వాకం (కంటికి కనబడేదే నిజమనే భౌతికవాదం), న్యాయం (తర్కానికి పెద్దపీట వేసే దర్శనం) ఈ రెండూ చదివి ఆగండి, ఎందుకో కింద చెబుతాను. హిరియన్న 1932లో రాసిన 'అవుట్‌లైన్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ' ఇంకా బిగువైన పుస్తకం, రెండో ఏడాదికి బాగుంటుంది. దాస్‌గుప్తా రాసిన భారతీయ తత్వశాస్త్ర చరిత్ర ఐదు సంపుటాలు లైబ్రరీలో వెతుక్కోవడానికే తప్ప వరసగా చదవడానికి కావు.

తర్కానికి మీరు చదవమనే తర్కసంగ్రహం సంస్కృత కళాశాల వాళ్ళ పుస్తకం కదా, మాకేం అర్థమవుతుంది?

అర్థమవుతుంది. సంస్కృత పండితుడు అన్నంభట్టు దాన్ని రాసిందే పిల్లల కోసం. తెలుగు తాత్పర్యంతో దొరుకుతుంది. ఏడు పదార్థాలు, తొమ్మిది ద్రవ్యాలు, ఇరవై నాలుగు గుణాలు అని మొదట్లో వచ్చే జాబితాలు చూసి బెదిరి మూసేయకండి. అవి దాటుకుని నేరుగా అనుమాన ఖండానికి వెళ్ళండి. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించి తేల్చడం.

అక్కడ ఐదు వాక్యాలుంటాయి. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పుంటుంది, వంటింట్లోలాగా. ఈ కొండా అలాంటిదే. కాబట్టి దీని మీద నిప్పుంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని వాటి పేర్లు.

ఇప్పుడు ఈ వాదనని మన వైపుకి తెచ్చుకోండి. డిసెంబరులో తెల్లవారుజామున నెల్లిమర్ల దాటి రామతీర్థం వైపు వెళ్తుంటే కొండ నడుమున తెల్లగా తెర కట్టి ఉంటుంది. పొగేనా, మంచా? మంచుని పొగ అనుకుంటే మీ అనుమానంలో పద్ధతి అంతా సరిగ్గానే ఉన్నా హేతువే అక్కడ లేదు. అలాంటి తప్పుల్ని నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్ళు, వరసగా పేర్లు పెట్టి విడదీశారు.

ఇంకో మెట్టు. వాక్యాన్ని తిరగేయండి: ఎక్కడ నిప్పుందో అక్కడ పొగ ఉంటుంది. నిజమేనా? కమ్మరి కొలిమిలోంచి తీసిన ఎర్రటి ఇనుప ముద్దలో నిప్పుంది, పొగ లేదు. మరి వంటింట్లో పొగ ఎక్కణ్ణుంచి వచ్చింది? తడి కట్టె నుంచి. ఆ తడి కట్టెనే వాళ్ళు 'ఉపాధి' అంటారు, అంటే మీరు చూడకుండా వదిలేసిన షరతు. పేపర్లో రోజూ వచ్చే "ఫలానాది పెరిగింది కాబట్టి ఫలానాది జరిగింది" అనే వార్తల్లో తడి కట్టె ఎక్కడుందో వెతకండి. ఒక్క వారం చేస్తే పరీక్షల్లో మార్కుల మాటెలా ఉన్నా, ఇంట్లోవాళ్ళకు మీతో మాట్లాడటం కష్టమవుతుంది.

అప్పుడు చార్వాకుడు వస్తాడు. "ఎక్కడెక్కడ పొగో అక్కడక్కడ నిప్పు అన్నావు. నువ్వు చూసింది నాలుగు వంటిళ్ళు. చూడనివాటి సంగతి నీకెలా తెలుసు?" ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలిసేది) తప్ప వేరే ప్రమాణాన్ని, అంటే తెలుసుకునే మార్గాన్ని, అతను ఒప్పుకోడు. నాలుగు ప్రమాణాలు ఒప్పుకునే న్యాయం అతనికి ఏం జవాబు చెప్పిందో చదవడానికే ఛటర్జీ, దత్త పుస్తకంలో ఆ రెండు అధ్యాయాలు ముందు చదవమన్నాను. ఒక జాగ్రత్త: చార్వాకుల గురించి మనకు తెలిసిందంతా దాదాపు వాళ్ళ ప్రత్యర్థులు రాసిందే. దర్శనాలన్నిటినీ క్లుప్తంగా చెప్పే 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం చార్వాకంతోనే మొదలవుతుంది, కానీ రాసింది వేదాంతి. ప్రత్యర్థి నోట విన్న వాదనని ఎంతవరకు నమ్మాలన్నది మీరే తేల్చుకోవాలి.

అపాలజీ అయింది. పాశ్చాత్య తత్వంలో తర్వాత ఏది?

రస్సెల్ 1912లో రాసిన 'ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ'. చరిత్ర రాసిన రస్సెలే, కానీ ఇక్కడ మనిషి వేరు. పదిహేను చిన్న అధ్యాయాలు. ముందు మొదటి మూడు చదవండి, తర్వాత ఆరోదానికి దూకండి. మొదటి అధ్యాయంలో ఎదురుగా ఉన్న బల్లకు ఏ రంగు ఉందని అడుగుతాడు. ఒక్కో వైపు నుంచి, ఒక్కో వెలుగులో ఒక్కో రంగు కనబడుతుంటే వాటిలో ఒకదాన్ని అసలు రంగు అనడానికి మనకేం హక్కుంది? ఆరో అధ్యాయంలో కోడి వస్తుంది. రోజూ గింజలేసే చెయ్యే ఒకనాడు దాని మెడ విరుస్తుంది. చార్వాకుడి ప్రశ్నకీ దీనికీ చుట్టరికం మీకే కనబడుతుంది. ఆ చుట్టరికం మీద ఒక పేజీ రాసుకురండి, మిగతా అధ్యాయాలు వాటంతటవే చదువుతారు.

దాని తర్వాత డెకార్ట్ 'మెడిటేషన్స్' (1641). ఆరు ధ్యానాల్లో మొదటి రెండూ చాలు. కాంట్ మీద మోజుంటే 1781 నాటి పెద్ద గ్రంథం జోలికి పోకుండా, 1784లో 'జ్ఞానోదయం అంటే ఏమిటి' అన్న ప్రశ్నకు ఆయన రాసిన కొద్ది పేజీల వ్యాసం చదవండి. నీషే ఇప్పుడొద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో తిరిగే ఆయన వాక్యాలు ఎలాగూ మీకు వచ్చే ఉంటాయి.

ఇంట్లో భగవద్గీత ఉంది. దాంతో మొదలెట్టకూడదా?

మొదలెట్టొచ్చు, ఒక షరతు మీద. ఒక్క వ్యాఖ్యానంతో చదవకండి. పారాయణకు ఒక్కటి చాలు, తత్వశాస్త్రానికి రెండు కావాలి. పద్దెనిమిదో అధ్యాయంలో అరవై ఆరో శ్లోకం తీయండి, "సర్వధర్మాన్ పరిత్యజ్య" అన్నది. అన్ని ధర్మాలనూ వదలమంటే కర్మలన్నిటినీ సన్యసించడం అని శంకరులు. కర్మ వదలక్కర్లేదు, ఫలమూ నేనే చేస్తున్నానన్న భావమూ వదలాలి అని రామానుజులు. ఒకే శ్లోకం. ఇద్దరిలో ఎవరిది మిగతా గీతతో పొసుగుతుందో మీరు చెప్పాలి. మా తాతగారు ఇలా చెప్పేవారు అన్నది ఇక్కడ జవాబు కాదు.

ఉపనిషత్తుల్లో కఠం, బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుణ్ణి గార్గి నిలదీసే ఘట్టం చదవండి. అడగ్గా అడగ్గా ఆయన, ఇక అతిగా అడిగితే తల రాలిపోతుందంటాడు. అది జవాబా, బెదిరింపా అని ఓ అమ్మాయి అడిగింది మా దగ్గర. పెద్దలు రెండు జట్లయ్యారు.

రోజుకి ఎన్ని పేజీలు? నోట్సు ఎలా రాయాలి?

పేజీల లెక్క వదిలేయండి. ఒక వాదన రోజుకి. మొదట ఆగకుండా చదివేయండి. రెండోసారి పెన్సిలుతో, రచయిత ఏం నిరూపించాలనుకుంటున్నాడో ఒక్క వాక్యంలో మార్జిన్లో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే మళ్ళీ చదవండి. కింద, ఎందుకు ఒప్పుకోవాలో అతను చెప్పిన కారణాలు. ఆ కింద, మీ అభ్యంతరం. అండర్‌లైన్లతో పేజీలు పచ్చగా చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. వీలైతే ఇద్దరు కలిసి చదవండి, ఒకరు రచయిత పక్షం, రెండోవారు ఎదుటి పక్షం. వచ్చే వారం పక్షాలు మార్చుకోండి.

యూట్యూబ్‌లో వింటే, ఏఐని సారాంశం అడిగితే సరిపోదా?

చదివాక వినండి, అడగండి. చదవకముందు వద్దు. సారాంశంలో తీర్మానం మిగులుతుంది, అక్కడిదాకా వచ్చిన దారి పోతుంది. మనకు కావాల్సింది ఆ దారే.

సివిల్స్ ఆప్షనల్‌కి ఈ పద్ధతి పనికొస్తుందా?

కొంతవరకే. ఆప్షనల్‌లో రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. మొదటిది తత్వశాస్త్ర చరిత్ర, సమస్యలు. రెండోది సామాజిక రాజకీయ తత్వం, మత తత్వం. సిలబస్ పట్టుకుని, పాత ప్రశ్నపత్రాలు చూసి చదవాల్సిందే. అయితే న్యాయం, చార్వాకం, డెకార్ట్, రస్సెల్ అందులో ఉన్నవే, అంబేడ్కర్ రెండో పేపర్లో వస్తారు. కాబట్టి పైన చెప్పిందేదీ వృథా పోదు. సమయం ఆరు నెలలే ఉంటే మా ఆదివారాలకు రాకండి, గదిలో కూర్చుని జవాబులు రాయండి.

మా అబ్బాయి ఇవి చదివి దేవుణ్ణి నమ్మడం మానేస్తాడేమో, లేక సన్యాసుల్లో కలిసిపోతాడేమో?

రెండు భయాలూ ఒకేసారి పెట్టుకోవడం కుదరదండీ. ఏదో ఒకటి తేల్చుకుని చెప్పండి.

మన జిల్లాల్లో ఈ చదువుకి సంబంధించి చూడాల్సినవి ఉన్నాయా?

చాలానే ఉన్నాయి, మనమే వాటిని పిక్నిక్కులకు వాడుతున్నాం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తే. బౌద్ధుల అనాత్మవాదం (శాశ్వతమైన ఆత్మ లేదనే వాదం) మీద ఒక అధ్యాయం చదివి ఆ కొండెక్కండి. ఇటు రామతీర్థం పక్కన గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయి, ఆ దగ్గర్లోనే జైన ఆనవాళ్ళూ ఉన్నాయి. శ్రీకూర్మం గుడిలో స్తంభాల నిండా శాసనాలే. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థుల శాసనం 1281 నాటిది అక్కడుంది. మధ్వుల ద్వైతం ఉడుపి నుంచి కళింగం దాకా ఎలా నడిచొచ్చిందో ఆ రాయి దగ్గర నిలబడి ఆలోచించొచ్చు. దర్శనం క్యూలో ఉన్నప్పుడు ఎలాగూ టైముంటుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? కొనే స్తోమత లేదు.

కొనక్కర్లేదు. అపాలజీకి జోవెట్ చేసిన పాత ఇంగ్లీషు అనువాదం, రస్సెల్ 'ప్రాబ్లమ్స్' రెండూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. జోవెట్ ఇంగ్లీషు పాతకాలపుది, కష్టమనిపిస్తే గ్రూబ్ అనువాదం వెతకండి, అది తేటగా ఉంటుంది. రాధాకృష్ణన్, హిరియన్న వంటి పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైట్‌లో ఉన్నాయి. అంబేడ్కర్ ఇంగ్లీషు రచనల సంపుటాలు భారత ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే ఉచితంగా పెట్టారు. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) పాఠాలు దాని ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఉన్నాయి, తలుపు తట్టకుండానే తీసుకోవచ్చు. తర్కసంగ్రహం తాత్పర్యాలకూ, తెలుగు పుస్తకాలకూ ముందు మీ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. కేటలాగులో 'మతం' కింద, 'సంస్కృతం' కింద కూడా చూడండి, తత్వశాస్త్రం బీరువాలో ఉంటాయన్న నమ్మకం లేదు. అపాలజీ మాత్రం జిరాక్స్ తీయించి పెట్టుకోండి. మార్జిన్లో రాయడానికి లైబ్రరీ పుస్తకం ఒప్పుకోదు.